దొంగ యాంకరు, అసలు అతిథి: గోదారి జిల్లాల్లో వెటకారం ఇంటర్వ్యూ తీయడం ఎలా

“సార్, బ్యారేజీకి 175 గేట్లు కదండీ. అన్నింటికీ ఒకటే తాళంచెవా, విడివిడిగా ఉంటాయా?”

ధవళేశ్వరం బ్యారేజీ గురించి మా దొంగ యాంకరు, అంటే యాంకరు వేషం కట్టిన నటుడు, ఒక రిటైరైన ఇరిగేషన్ ఉద్యోగిని అడిగిన ప్రశ్న ఇది. అప్పటికి పావుగంటగా కాలవల గురించి బుద్ధిగానే మాట్లాడుకుంటున్నారు. పెద్దాయన కళ్లజోడు తీశారు. పంచె అంచుతో ఒక అద్దం తుడిచారు, రెండోది తుడిచారు, మళ్లీ పెట్టుకున్నారు. “తాళంచెవి కాటన్ దొర పట్టుకెళ్లిపోయాడు బాబూ. అప్పట్నించీ తాళం వేయడం మానేశాం” అన్నారు. మొహంలో నవ్వు లేదు. మావాడి దగ్గర తర్వాతి ప్రశ్న లేదు. ఆ వీడియోలో ఫ్యాను చప్పుడు తప్ప ఏమీ వినపడని పదకొండు సెకన్లు ఉన్నాయి. అందులో ఒక్క సెకను కూడా కోయలేదు.

తర్వాత ఆయనే జాలిపడి వివరంగా చెప్పారు. కాటన్ కట్టించింది ఆనకట్ట, అది 1852లో పూర్తయింది, ఇప్పుడు మనం చూసే గేట్ల బ్యారేజీ చాలా ఏళ్ల తర్వాత వచ్చింది అని. నీళ్లు తూర్పు, మధ్య, పశ్చిమ డెల్టాలకు ఎలా విడిపోతాయో వేళ్లతో బల్ల మీద గీసి చూపించారు. చూసినవాళ్లు నవ్వారు, కాలవ సంగతీ తెలుసుకున్నారు, ఆయన మాటకు దణ్ణం పెట్టారు. అలాంటిది మీరూ తీయాలనుకుంటే ఏం చేయాలో, ఏం చేయకూడదో రాస్తున్నాను.

ముందు ఈ తేడా పట్టుకోండి

జనాన్ని బకరా చేసే వీడియోలు మనకు కొత్త కాదు. ఎమ్‌టీవీలో సైరస్ బ్రోచా చేసిన ‘బక్రా’ చూస్తూ పెరిగినవాళ్లున్నారు. అందులో దారినపోయే మనిషిని కంగారుపెట్టి, చివర్లో కెమెరా చూపిస్తారు. దొంగ ఇంటర్వ్యూ అది కాదు. ఇక్కడ అతిథి తన ఇష్టంతో కుర్చీలో కూర్చుంటారు, మైకు పెట్టించుకుంటారు, తనకు తెలిసిన విషయమే మాట్లాడతారు. అతిథి నిజం, విషయం నిజం. అడిగేవాడొక్కడే అబద్ధం.

ఈ పద్ధతికి బ్రిటన్ టీవీలో బాగా పేరొచ్చింది. సాషా బారన్ కోహెన్ అనే హాస్యనటుడు 1998లో అలీ జీ అనే, ఏమీ తెలియని కుర్ర యాంకరు పాత్ర వేశాడు, 2000లో ఆ పాత్రకు సొంత షో వచ్చింది. చంద్రుడి మీద నడిచిన బజ్ ఆల్డ్రిన్‌ను కూర్చోబెట్టి, మనిషి సూర్యుడి మీద కూడా నడుస్తాడా అని అడిగాడు. అక్కడ వేడి అంటే, చలికాలంలో వెళ్తే సరిపోదా అన్నాడు. ఆల్డ్రిన్ ఓపిగ్గా, చలికాలంలోనూ సూర్యుడు చల్లబడడని చెప్పాడు. లేబర్ పార్టీ నాయకుడు టోనీ బెన్ అయితే, ఎదురుగా ఉన్నది వేషగాడని తెలియకుండానే, ఆ కుర్రాడి మాటల్లో తప్పు కనిపించిన ప్రతిచోటా గట్టిగా ఎదురు వాదించాడు. ఆ ఇంటర్వ్యూ చూస్తే ఆయన మీద గౌరవం పెరుగుతుంది.

దీనికి పూర్తిగా ఎదురు ఉదాహరణ క్రిస్ మోరిస్ చేసిన ‘బ్రాస్ ఐ’ అనే బ్రిటన్ టీవీ షో. 1997లో ప్రసారమైంది. ‘కేక్’ అనే లేని మత్తుమందును పుట్టించి, దాని మీద జనాన్ని హెచ్చరించమని ప్రముఖులకు కాగితాలిచ్చారు. వాళ్లు చూసి చదివేశారు. ఒక ఎంపీ ఏకంగా పార్లమెంటులో దాని మీద ప్రశ్న వేశాడు. ఆ కాగితం ఇచ్చినప్పుడు “ఇదేమిటి, నేనెప్పుడూ వినలేదే” అనే అవకాశం ప్రతి ఒక్కరికీ ఉంది. అనలేదు.

ఈ మొత్తం పనిలో నేను నమ్మేది ఇదొక్కటే: మీ ప్రతి ప్రశ్నలోనూ అతిథికి ఒక మంచి దారి తెరిచి ఉండాలి. “అది తప్పు బాబూ” అనో, “నాకు తెలియదు” అనో, తిరిగి వెటకారం ఆడో ఆయన గౌరవంగా బయటపడగలగాలి. ఆ దారి వదిలేసి లేనిదానికి ఔననడం ఆయన ఎంచుకున్నదై ఉండాలి. దారులన్నీ మూసేసి, పడిపోయాక నవ్వితే అది హాస్యం కాదు, పదిమంది కలిసి ఒకణ్ణి ఏడిపించడం.

యాంకరును తయారుచేయడం

మారువేషంలో వచ్చి మాట్లాడటం మనకు టీవీ నేర్పిన విద్య కాదు. పగటి వేషగాళ్లు ఊళ్లోకొచ్చి రోజుకో వేషం కట్టి, పంతుల్లాగా ఫకీరులాగా ఇంటిముందు నిలబడి మాట్లాడేవారు. బుర్రకథలో కథకుడికి రెండు పక్కలా వంతలుంటారు. ఒకరు రాజకీయం, ఒకరు హాస్యం. ఆ హాస్యం వంత చేసే పనే మీ యాంకరు చేయాలి: ఏమీ తెలియనట్టు అడ్డుపడి, కథకుడి చేత విషయం విడమరిచి చెప్పించడం. వీలైతే ఒక మంచి బుర్రకథ దళాన్ని దగ్గర కూర్చుని చూడండి. వంత ఎప్పుడు అడ్డుపడతాడో, ఎప్పుడు తగ్గుతాడో గమనించండి.

యాంకరుకు పది వింత లక్షణాలు పెట్టొద్దు. ఒక్క నమ్మకం చాలు. మా యాంకరు నమ్మకం ఏమిటంటే, సామెతలన్నీ అక్షరాలా నిజం. పుస్తెలమ్మైనా పులస తినాలంటారు కాబట్టి, పుస్తెలు తీసుకుని పులస ఇచ్చే కొట్టు ఒకటి యానాంలో ఉండే ఉంటుందని, గ్రాముకు ఎన్ని ముక్కలిస్తారో కనుక్కోవాలని అతని తాపత్రయం. ఈ ఒక్క మొండితనం నుంచి వంద ప్రశ్నలు పుడతాయి. అతిథికి కూడా మనిషి అర్థమవుతాడు: మోసగాడు కాదు, మంచివాడే, కాకపోతే బుర్ర అలా పనిచేస్తుంది అనుకుంటారు. ఆ జాలి పుట్టిందంటే ఇంటర్వ్యూ సగం అయినట్టే.

పాత్రకు ఏ కులం ఛాయా ఉండకూడదు. యాస వెక్కిరింపు కూడా వద్దు. శ్రీకాకుళం యాసో, రాయలసీమ యాసో పెట్టి నవ్వించాలని చూస్తే మొదటి నిమిషం నవ్వొస్తుంది, రెండో నిమిషం నుంచి విసుగొస్తుంది. బట్టలు మామూలుగా ఉండాలి. రంగు కోటు, విగ్గు పెడితే అతిథికి వెంటనే అనుమానమొస్తుంది. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో మరీ ఎక్కువ కాగితాలున్న ఫైలు సరిపోతాయి.

ఎవర్ని పిలవాలి

ఇక్కడ తొందరపడితే మిగతాదంతా పాడైపోతుంది. మేం పాడుచేశాం కాబట్టే చెబుతున్నాను.

మొదట్లో ఒక కొబ్బరి దింపు కార్మికుణ్ణి కూర్చోబెట్టాం. యాంకరు చేత కార్పొరేట్ మాటలు అడిగించాలని మా ఆలోచన: మీ కెరీర్ గ్రోత్ ఎలా ఉంది, అయిదేళ్ల తర్వాత ఎంత ఎత్తులో ఉంటారు, ఇలాంటివి. కాగితం మీద మాకు చాలా నవ్వొచ్చింది. ఆయన కెమెరా అనగానే ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. మా ప్రశ్నలు అర్థం కాకపోయినా, ఇదేదో పథకం కోసం వివరాలు రాసుకుంటున్నారనుకున్నారు. రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని, చెట్టు మీంచి పడి నడుం దెబ్బతిన్న సంగతి, ఆ ఏడాది ఇల్లు గడిచిన తీరు మెల్లగా చెప్పుకొచ్చారు. ఆ రాత్రి ఎడిటింగుకు కూర్చుంటే ఎవరమూ నవ్వలేదు. పొద్దున్నే వెళ్లి, మేం వచ్చింది వేరే పని మీద అని నిజం చెప్పి, క్షమాపణ అడిగి, మొత్తం చెరిపేశాం.

అప్పట్నుంచి మాకొక పరీక్ష ఉంది. ఈ మనిషికి మైకు అలవాటేనా? తన మాటతో పదిమంది డబ్బు, సమయం, ఓటు, ఆరోగ్యం కదుల్తాయా? రెండిటికీ ఔనంటేనే ముందుకెళతాం. రాజకీయ నాయకులు, వ్యక్తిత్వ వికాసం క్లాసులు చెప్పేవాళ్లు, చెరువుకు ఏ మందు చల్లితే రొయ్య ఎంత కౌంటుకొస్తుందో (కిలోకు ఎన్ని తూగుతాయో) గ్యారంటీ ఇచ్చేవాళ్లు, ప్లాట్లు అమ్మే వెంచర్లవాళ్లు, ర్యాంకుల ప్రకటనలు ఇచ్చేవాళ్లు, చానెళ్లలో చర్చలకు కూర్చునేవాళ్లు ఈ లెక్కలోకి వస్తారు. కూలీలు, కౌలు రైతులు, లేసు అల్లే ఆడవాళ్లు, విద్యార్థులు, చెవి సరిగ్గా వినపడని ముసలివాళ్లు రారు. పిల్లలు అసలే వద్దు.

ఇంకో రకం అతిథులున్నారు: మా ఇరిగేషన్ పెద్దాయనలా తన పని లోతుగా తెలిసినవాళ్లు. వీళ్లను ఎండగట్టాల్సింది ఏమీ లేదు. వీళ్ల ముందు యాంకరే తెల్లబోతాడు. నిజానికి మన జిల్లాల్లో ఇవే బాగా పండుతాయి, ఎందుకంటే వెటకారం మనవాళ్లకు మంచినీళ్లంత సహజం. ఇతర చోట్ల అతిథి మోసపోతే ఎపిసోడు. మన దగ్గర అతిథి విషయం కనిపెట్టేసి, కనిపెట్టనట్టే ఉండి, “ఆయ్, అవునండి, మీరు చెప్పిందే రైటు” అంటూ యాంకరును మెల్లగా గోతిలోకి నడిపిస్తే ఎపిసోడు. అలా జరిగితే ఆపకండి. పూర్తిగా ఆయన చేతికి వదిలేయండి.

ఏం చెప్పి పిలవాలి

అబద్ధం ఎంత తక్కువ చెబితే అంత మంచిది. “సరదాగా ఉండే కార్యక్రమం, మీ వృత్తి గురించి, మా యాంకరుకు విషయం పెద్దగా తెలియదు, చిన్నపిల్లాడికి చెప్పినట్టు చెప్పాలి” అంటాం. ఇందులో ఒక్క ముక్కా అబద్ధం కాదు. బీబీసీలో 2022లో వచ్చిన ‘కంక్ ఆన్ ఎర్త్’లో డయాన్ మోర్గన్ ఏమీ తెలియని యాంకరుగా నిజమైన ప్రొఫెసర్లను ప్రశ్నలడుగుతుంది. ఇది హాస్య కార్యక్రమమని వాళ్లకు తెలుసు. అయినా నవ్వు తగ్గలేదు. మన ఊళ్లకు ఈ దారే సరైనదని నా అభిప్రాయం.

కొన్ని గీతలు మాత్రం దాటకూడదు. పోలీసు, రెవెన్యూ, ఫుడ్ ఇన్‌స్పెక్టర్ లాంటి ప్రభుత్వోద్యోగి వేషం కట్టొద్దు. అది భారతీయ న్యాయ సంహిత 204వ సెక్షన్ కింద నేరం. నిజంగా ఉన్న చానెల్ పేరు, లోగో, మైకు గొట్టం వాడొద్దు. విలేకరులమని బెదిరించి డబ్బు గుంజే దొంగల వల్ల చెరువులవాళ్లు, కొట్లవాళ్లు మైకు చూస్తే భయపడే పరిస్థితి ఉంది. మీరు ఆ భయాన్ని పెంచకూడదు. అందుకే అతిథి దగ్గర కాఫీ, కొబ్బరినీళ్లు తాగండి గానీ, వచ్చేటప్పుడు గెల, రొయ్యల సంచి, కవరు ఏదిచ్చినా తీసుకోకండి. ప్రేమతో ఇచ్చినా సరే.

ప్రశ్నలు రాయడం

ముందు విషయం నేర్చుకోండి. పిచ్చి ప్రశ్న రాయడానికి మంచి ప్రశ్నకు కావలసినంత చదువు కావాలి. ధవళేశ్వరం దగ్గర వరద హెచ్చరికలు 11.75, 13.75, 17.75 అడుగులకు ఇస్తారని తెలిస్తేనే కదా, “మూడింటికీ చివర ముప్పావే ఉందేమిటండీ, ఎవరైనా బేరమాడి పావలా తగ్గించారా?” అని అడగగలం. ఆ ప్రశ్నలో వెర్రితనం ఉంది, కానీ అంకె నిజం. సమాధానం చెప్పేవారికి పట్టుకోవడానికి ఒక కొస దొరుకుతుంది.

వరస ఇలా ఉంచండి. మొదటి పదిహేను, ఇరవై నిమిషాలు శుద్ధమైన ప్రశ్నలే అడగండి. అతిథి భుజాలు దిగాలి, కుర్చీలో వెనక్కి వాలాలి. తర్వాత కొంచెం ఎగుడుదిగుడు ప్రశ్న ఒకటి వేసి, వెంటనే మళ్లీ మంచి ప్రశ్నకు వచ్చేయండి. ఆయన “పోన్లే, కుర్రాడు” అనుకుంటారు. అప్పుడు అసలుది వేయండి. వరసగా రెండు పిచ్చి ప్రశ్నలు వేస్తే ఆట బయటపడుతుంది.

అబద్ధపు మాటను అతిథి నోట్లో పెట్టకండి. “మీరు ఇలా అన్నారట కదా” అని మొదలుపెట్టడం మోసం. దాని బదులు యాంకరు తన నమ్మకాన్ని చెప్పి, “నిజమేనా అండీ?” అని ఆగాలి. ఉదాహరణకు గ్యారంటీలిచ్చే రొయ్యల మందు వ్యాపారిని, “ఈ మందు వేశాక రొయ్యలకు ఏరేటర్ల చప్పుడు వినబడకుండా నిద్ర పడుతుందంటగా, ఎన్ని గంటలు పడుకుంటాయండీ?” అని అడిగారనుకోండి. నిజాయితీపరుడైతే నవ్వి, “రొయ్యకి నిద్రేంటి బాబూ, ఏరేటరు ఆక్సిజన్ కోసం” అంటాడు. అమ్మకం మీదే ధ్యాస ఉన్నవాడైతే గంటలు కూడా చెబుతాడు. రెండు దారులూ తెరిచే ఉన్నాయి.

ఆయన గంటలు చెప్పాడనుకోండి. అప్పుడు యాంకరు నవ్వకూడదు, కళ్లు కూడా ఎగరేయకూడదు. ఫైలు తెరిచి ఆ గంటలు రాసుకోవాలి. పెన్ను కాగితం మీద కదులుతున్నంతసేపూ మాట్లాడకూడదు. ఈ మౌనంలోనే మనుషులు తమ మాట తాము వింటారు. కొందరు ఆ నాలుగు సెకన్లలో సర్దుకుని, “అంటే, అది కరెక్టుగా చెప్పలేమనుకోండి” అని వెనక్కి వస్తారు. వస్తే ఆ ముక్కను తప్పకుండా ఉంచండి.

అడగకూడనివి: కులం, ఇంటి ఆడవాళ్లు, జబ్బులు, అప్పులు, దేవుడు. ఆడవాళ్లు అతిథిగా ఉంటే రూపం గురించి, పెళ్లి గురించి ఒక్క మాట కూడా వద్దు. వరదల రోజుల్లో లంక గ్రామాల్లో కామెడీ మైకు తీయనే వద్దు. 2022 జులైలో వరదొచ్చినప్పుడు లంకల్లో పడిన అవస్థ చూసినవాళ్లెవరికీ ఇది చెప్పనక్కర్లేదు.

షూటింగ్ రోజు

రెండు ఫోన్లు, రెండు స్టాండ్లు, ఇద్దరికీ కాలర్ మైకులు ఉంటే చాలు. ఒక ఫోను అతిథి మొహం మీద, ఒకటి ఇద్దరూ పడేలా. అతిథి మీద ఉన్న కెమెరాను ఒక్కసారి కూడా ఆపొద్దు.

అందంగా ఉంటుందని కొబ్బరి తోటలో కూర్చోబెడతారు చాలామంది. ఆకుల సందుల్లోంచి ఎండ మచ్చలుగా పడి, గాలికి ఆ మచ్చలు మొహం మీద కదులుతుంటాయి. ఎడిటింగులో అది పోదు. వసారా కానీ, మండువా ఇల్లయితే లోగిలి కానీ మంచిది. మట్టల చప్పుడు, చెరువుల దగ్గర ఏరేటర్ల హోరు, రేవు దగ్గర పంటు ఇంజను మైకులోకి వస్తాయి, ముందే వెళ్లి పది నిమిషాలు కూర్చుని వినండి. ఏసీ కారులోంచి తీసిన ఫోను అద్దం మన ఉక్కకు మసకబారుతుంది. పావుగంట బయట పెట్టాక మొదలుపెట్టండి. కరెంటు పోయినా ఆగకుండా బ్యాటరీలు నింపుకోండి.

గదిలో యాంకరు, అతిథి కాక ఇద్దరికి మించి ఉండకూడదు. నవ్వు ఆపుకోలేని స్నేహితుణ్ణి ఇంటి దగ్గరే ఉంచండి.

వేషం తీసే వేళ, సంతకం

పగటి వేషగాళ్లు అన్ని వేషాలూ అయ్యాక చివరిరోజు ఇంటింటికీ వచ్చి సంభావన తీసుకునేవారు. ఆడినవాళ్లెవరో ఊరికి తెలిశాకే ఆట ముగిసేది. మీరూ అదే రోజు, అదే కుర్చీలో నిజం చెప్పాలి. యాంకరే చెప్పాలి, పాత్ర గొంతు వదిలేసి తన అసలు పేరుతో. “ఏవండీ, నేను యాంకరును కాదండి, నటుణ్ణి. ఏమీ తెలియనట్టు కొన్ని ప్రశ్నలు కావాలని అడిగాను” అని. కెమెరాలు ఆపేసి చెప్పండి. కోపం వస్తే వినండి, సమర్థించుకోకండి.

సంతకం ఆ తర్వాతే. విదేశాల్లో ముందే సంతకం పెట్టించుకుంటారు, కోర్టులో అది నిలబడిన సందర్భమూ ఉంది. సాషా బారన్ కోహెన్ 2018 నాటి షో మీద అమెరికా రాజకీయ నాయకుడు రాయ్ మూర్ 9.5 కోట్ల డాలర్లకు దావా వేస్తే, ఆయన ముందుగా పెట్టిన సంతకం వల్ల 2021లో కేసు కొట్టేశారు, 2022లో అప్పీలు కూడా పోయింది. కానీ రేపు పొద్దున్న పాలకొల్లు బస్సులో ఆయన పక్క సీట్లో కూర్చోవాల్సింది మీరు. కోర్టులో గెలిచే కాగితం అక్కడ ఎందుకూ పనికిరాదు. ఒక పేజీలో, తెలుగులో, ఏ విషయం మీద తీశారో, ఎక్కడ పెడతారో, ఆయన వద్దంటే ఏ ముక్క తీసేస్తారో రాసి, చదివి వినిపించి, ఆయనకొక కాపీ ఇచ్చి సంతకం తీసుకోండి. వద్దంటే ఫుటేజీ ఆయన ముందే చెరిపేయండి. పరువునష్టం మీద అదే న్యాయ సంహితలో 356వ సెక్షన్ ఒకటి ఉందని గుర్తుంచుకోండి, కానీ మీరు చెరిపేయాల్సింది దానికి భయపడి మాత్రమే కాదు.

ఎడిటింగ్

గంటన్నర ఫుటేజీలో నాలుగైదు నిమిషాలు మిగిలితే మంచి పంట. ఒక్క నియమం పాటించండి: ప్రశ్న ఏదో జవాబు అదే. ఒక ప్రశ్నకు చెప్పిన జవాబును ఇంకో ప్రశ్న కింద అతికించొద్దు. అతిథి సర్దుకున్న మాట, ఎదురు వేసిన చురక, యాంకరు నోరు మూతపడిన క్షణం కోయొద్దు. వెనకాల నవ్వుల సౌండు, బొయ్‌మనే ఎఫెక్టులు పెట్టొద్దు. అవి పెట్టగానే ఎవర్ని చూసి నవ్వాలో మీరు ఆర్డరేసినట్టవుతుంది.

బయట పెట్టకముందు అతిథి ఇంటికెళ్లి, ఆయన ఇంట్లోవాళ్లతో కలిసి చూడండి. తెర చూడకండి, వాళ్ల మొహాలు చూడండి. మనవడో కోడలో తలదించుకున్న చోటు ఉంటే ఆ ముక్క తీసేయండి, అడిగేదాకా ఆగొద్దు.

ఇరిగేషన్ పెద్దాయన ఇంట్లో మేం అలా చూపించినప్పుడు, ఆయన తాళంచెవి మాట దగ్గర అందరూ పగలబడి నవ్వారు. ఆయన మాత్రం తూర్పు డెల్టా గీత బల్ల మీద వంకరగా గీశానని బాధపడి, మళ్లీ తీస్తారా అని అడిగారు. వెళ్లేటప్పుడు ఆయన పెద్దమ్మాయి గుమ్మం దాకా వచ్చింది. నాన్న ఉద్యోగం గురించి ఇంతసేపు మాట్లాడటం మేమెప్పుడూ వినలేదు, నాలుగు నిమిషాలది మీరుంచుకోండి, మాకు గంటన్నరా కావాలి అంది. మర్నాడు పెన్‌డ్రైవ్‌లో వేసి ఇచ్చొచ్చాం.